ఎడమ నుంచి కుడికి

ఆయన పేరు రాయను. రాస్తే ఊరుకునే మనిషి కాదు. బొమ్మ కింద పేరు రాయడం ఆయన దృష్టిలో క్షమించరాని పని. ఇదీ ఒక రకం బొమ్మే కాబట్టి ఆ నియమం దీనికీ వర్తిస్తుందనుకుంటాను. చెక్ దేశంలో పుట్టి, అక్కడి హాస్యపత్రికల్లో కార్టూన్లు వేసి, నడివయసులో అమెరికా వచ్చి పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసి, ముసలితనంలో మా చాండ్లర్ ఊరి ఎండలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండి, మూడు వారాల కిందట పోయారు. ఆయన చరిత్ర ఇంతకన్నా నాకు పెద్దగా తెలియదు. తెలిసినవల్లా ఆయన పద్ధతులు, రెండు మూడు సంభాషణలు, వాటివల్ల నాకు పట్టుకున్న భయం.

మొదటిసారి చూసింది లైబ్రరీలో. శనివారం పొద్దున పిల్లలకు ఉచితంగా బొమ్మల క్లాసు అంటే మా అమ్మాయి నిత్యని తీసుకెళ్ళాను. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. గదిలో పదిమంది పిల్లలున్నారు. వాళ్ళకు వీపు పెట్టి, నల్లటి ఫిల్ము అంటించిన పెద్ద కిటికీకి ఎదురుగా ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. బయట మాడు పగిలే ఎండ, ఆయన ఒంటి మీద ఉన్ని స్వెటరు. వేరే గదికి వచ్చామేమో అనుకునేలోపు తల తిప్పి నన్ను చూశారు, కాఫీ ఒక గుక్క తాగేంతసేపు. మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయారు. క్లాసు అయ్యాక నిత్య చేత ఒక కాగితం పంపారు. అందులో నేనున్నాను. చెవి వెనక దోపుకున్న ఎర్ర పెన్ను, కనుబొమల మధ్య ముడి, ఎదుటివాళ్ళ తప్పు కోసం కాచుక్కూర్చున్న పెదవులు. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన చూసి భోజనం మానేసి నవ్వాడు.

తర్వాతి శనివారం అడిగాను, సరిగ్గా చూడకుండానే ఎలా వేశారని. "ఒకసారి చూసేవాడు చిత్రకారుడు. రెండోసారి చూసేవాడు పోలీసు" అన్నారు. సరదాగా అన్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

బొమ్మ ఎప్పుడూ చెవితో మొదలుపెట్టేవారు. ముఖం నటిస్తుంది, చెవికి నటించడం చేతకాదు అనేవారు. పిల్లలకూ అదే నేర్పారు. వాళ్ళు ఆయన్ని పెన్సిల్ అంకుల్ అనేవాళ్ళు. అంత పెద్దాయన్ని అంకుల్ అనకూడదు, తాతగారూ అనాలి అని నిత్యకు చెప్తే "హీ ఈజ్ నాట్ మై తాత, మా" అంది. ఇక్కడి స్కూళ్ళలో కాగితం చేతికివ్వగానే పిల్లలు చేసే మొదటి పని పైన పేరు రాయడం. ఆయన క్లాసులో ఆ పేరు చెరిపించేవారు. తానే రబ్బరు పట్టుకుని బల్ల బల్ల దగ్గరికీ వచ్చి, అచ్చు కూడా మిగలకుండా రుద్దేవారు. "ఇది నీదని నీకు తెలుసు, మీ అమ్మకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి?" అని అడిగేవారు. పిల్లలు కిలకిల నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఆ ప్రశ్న నచ్చేది కాదు.

బాగా రాని బొమ్మల్ని నాలుగు ముక్కలు చేసి, రెండు ముక్కలు లైబ్రరీ చెత్తబుట్టలో వేసి, రెండు జేబులో పెట్టుకునేవారు. ఒకసారి కారులో ఇంటి దగ్గర దింపుతుంటే గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపమన్నారు. దేనికా అని చూస్తే, దిగి ఆ రెండు ముక్కల్నీ అక్కడి డబ్బాలో వేసి వచ్చి కూర్చున్నారు. ఫోన్ చేస్తే ఎత్తేవారు గానీ హలో అనేవారు కాదు. మనం పేరు చెప్పేదాకా అవతల ఊపిరి మాత్రం వినిపించేది. కిటికీకి ఎదురుగా కూర్చునేది వెలుతురు కోసం కాదని నాకు ఏడాదికి గాని తెలియలేదు. ఆ నల్లటి అద్దంలో గది మొత్తం తలుపుతో సహా కనబడుతుంది. ఎవరు వచ్చినా వెనక్కి తిరగకుండానే ఆయనకు తెలిసిపోయేది.

ఇక నా సంగతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో లోపాలు పట్టే విభాగంలో ఇంజనీర్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైక్రోస్కోపు కింద తప్పు ఎక్కడుందా అని వెతకడమే పని. చాలదన్నట్టు మా తెలుగు సంఘం ఏటా ఉగాది వేడుకల తర్వాత వేసే సావనీర్‌కి ఎడిటర్ని. ఒత్తు ఒకటి పడిపోయినా, దీర్ఘం ఒకటి ఎక్కువైనా నా ప్రాణం విలవిల్లాడిపోతుంది. ఇండియన్ స్టోర్‌లో బోర్డు మీద తప్పు కనబడితే సరుకులు కొనకముందే కౌంటర్ దగ్గరికి వెళ్ళి చెప్తాను. ఎవరైనా మాట తప్పు పలికితే వాళ్ళ వాక్యం పూర్తి కాకుండానే నా నోరు అందిస్తుంది. ఇది గుణమో జబ్బో ఇప్పటికీ తెలియదు. ఆయన ఆ మొదటి బొమ్మలోనే దాన్ని పట్టేశారు.

ఒకసారి నిత్య లైబ్రరీ పాత అరల్లోంచి ఒక పుస్తకం పట్టుకొచ్చింది. ఎలుగుబంట్ల బడి కథ. బొమ్మలు ఆయనవే. అమెరికా వచ్చాక ముప్పై ఏళ్ళపాటు ఆయన మనిషి ముఖం గీయలేదట. ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, బాతులు, అంతే. నిత్య ఒక్కో ఎలుగుబంటినీ వేలితో చూపిస్తూ, "వీటన్నిటికీ చెవులు వేరే వేరేగా ఉన్నాయేంటి అంకుల్?" అని అడిగింది. ఆయన పుస్తకం అందుకుని, గోడకు మ్యాపు తగిలించి పాఠం చెప్తున్న ఒక ఎలుగుబంటి దగ్గర ఆగిపోయారు. చాలాసేపు పేజీ తిప్పలేదు. "ఎలుగుబంటి పేరు ఎవరూ అడగరు పాపా" అన్నారు చివరికి. పుస్తకం మూసి దానికిచ్చి, ఆ రోజు క్లాసు పది నిమిషాలు ముందే ముగించారు.

రెండేళ్ళ కిందటి ఉగాదికి ఆయన్ని మా సంఘం భోజనాలకు పిలిచాను. పార్కులో పెద్ద షెడ్డు కింద ఏర్పాట్లు. ఉగాది పచ్చడి నాలుక మీద వేసుకుని, "కావాలనే చేదు తింటారా మీరు?" అని అడిగి, మళ్ళీ కొంచెం వేయించుకున్నారు. పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నారు. వడ్డించింది పద్మ.

పద్మ మా వీధిలోనే ఉండేది. ముప్పై రెండేళ్ళు, చిన్న పాప. భర్తది హెచ్‌వన్ వీసా, ఆమె అతని మీద ఆధారపడి వచ్చిన మనిషి. అలా వచ్చినవాళ్ళు పని చేయాలంటే వేరే పర్మిట్ కావాలి. పద్మ పర్మిట్ గడువు తీరిపోయి, రెన్యువల్ ఎంతకీ రాక, ఆఫీసు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం చేతకాని మనిషి. పూతరేకులు చుట్టడం మొదలుపెట్టింది. గోంగూర పచ్చడి పెట్టింది. మొదట అందరికీ ఊరికే పంచింది, తర్వాత అందరం మొహమాటపడి డబ్బులిచ్చి తీసుకున్నాం. అది చట్టం ఒప్పుకునే పని కాదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు. నన్ను సొంత అక్కలాగే చూసేది.

ఆ రోజు షెడ్డులో ఇంకో పద్మగారు కూడా ఉన్నారు. మా సంఘం ప్రెసిడెంటుగారి అమ్మగారు, రాజమండ్రిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన మనిషి. కొడుకు దగ్గర ఆరునెలలుండడానికి విజిటర్ వీసా మీద వచ్చారు. గంజి పెట్టిన నేత చీర, చూపులోనే బెత్తం. పిల్లలే కాదు, మేమూ ఆవిడ ముందు కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చునేవాళ్ళం.

పెద్దాయన ఒక మూల కూర్చుని, మాకు వీపు పెట్టి, సాయంత్రానికి ఒక బొమ్మ పూర్తి చేశారు. ఆడవాళ్ళం ఏడుగురం. నలుగురు వడ్డన బల్ల వెనక నిలబడి, ముగ్గురు ముందు కుర్చీల్లో. నిలబడ్డవాళ్ళలో రెండో మనిషి పద్మ, గరిటె ఆమెకన్నా పెద్దది. కూర్చున్నవాళ్ళలో మధ్యలో పద్మగారు, ఆవిడ కుర్చీ సింహాసనమంత ఉంది. చూసినవాళ్ళు చూసినట్టే పగలబడి నవ్వారు. నేను ఆశపడి సావనీర్‌కి ఇవ్వమన్నాను.

"ఇస్తాను. కింద ఏమీ రాయకూడదు" అన్నారు.

"అలాగే" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అచ్చుకు వెళ్ళే ముందు ప్రెసిడెంటుగారు ఫోన్ చేశారు. "ఏంటమ్మా, బొమ్మ కింద పేర్లు లేవు? మనవాళ్ళ సంగతి తెలుసుగా. పేరు మిస్సయితే ఫీలవుతారు. అమ్మ కూడా అడిగింది." ఆయన చెప్పిందీ నిజమే. పేరు వదిలేస్తే పెళ్ళిలో విస్తరి వదిలేసినట్టే మనకు. పైగా ఫోటో కింద "ఎడమ నుంచి కుడికి" అని రాయడం అంటే నాకు చిన్నప్పటి నుంచి ఒక ముచ్చట. స్కూలు గ్రూపు ఫోటోల్లో అది చదివే కదా మనం ఎవరు ఎవరో తెలుసుకున్నది. నిలుచున్నవారు ఎడమ నుంచి కుడికి, కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి అంటూ ఏడు పేర్లూ రాశాను. ఒకరు పద్మ, ఒకరు పద్మగారు. అక్కడితో ఆగినా బాగుండేది. పాపం పద్మకు నోరు లేదు, నాలుగు ఆర్డర్లు వస్తాయి కదా అని, కింద ఇంకో వాక్యం చేర్చాను. "మనందరికీ పూతరేకులు, గోంగూర పచ్చడి ఆర్డర్ మీద చేసి ఇచ్చేది మన పద్మే." ప్రేమతోనే రాశాను. ఇప్పుడు ఆ మాట అనుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

పుస్తకం రాగానే మొదటి కాపీ ఆయనకే పట్టుకెళ్ళాను. అపార్ట్‌మెంట్‌లో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడల మీద ఏమీ లేదు. పేజీ తెరిచి చూశారు. బొమ్మను చూడలేదు, కింద అక్షరాలను చూశారు.

"ఏమిటిది?"

చదివి ఇంగ్లీషులో చెప్పాను. ఆఖరి వాక్యం కూడా చెప్పాను.

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ బలవంతపెట్టలేదు. ఎడిటర్ని నేనే కదా" అన్నాను.

కోప్పడతారనుకున్నాను. లేచి వెళ్ళి వంటింటి కుళాయి తిప్పారు, నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు మొదలైంది. దాన్ని అలాగే వదిలేసి, వచ్చి నాకు దగ్గరగా కూర్చుని మాట్లాడారు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

"మా ఊళ్ళో ఒక బీరు కొట్టు ఉండేది. దాని గోడ మీద నేను వేసిన బొమ్మ. ఆరుగురు స్నేహితులు. ఒకడు నోరు తెరిచి పాడుతున్నాడు. ఆ పాట ప్రభుత్వంలో పైవాళ్ళని ఎగతాళి చేసే పాట. బొమ్మలో పాట వినబడదు కదా, పేర్లు కూడా లేవు. రెండేళ్ళు ఉంది గోడ మీద. ఒకరోజు నన్ను పోలీసు ఆఫీసుకి పిలిచారు. కొడతారనుకున్నాను. కాఫీ ఇచ్చారు, గసగసాల కేకు ఇచ్చారు. ఆఫీసరు ఆ బొమ్మ బల్ల మీద పెట్టి, నీ చెయ్యి బాగుంది గానీ పోలికలు పట్టలేవు అన్నాడు. వీళ్ళు ఎవరైనా కావచ్చు, ఏ ఊరి తాగుబోతులైనా ఇలాగే ఉంటారు అన్నాడు. అని ఫైలు మూసేశాడు."

కుళాయి పారుతూనే ఉంది.

"నాకప్పుడు ముప్పై ఏళ్ళు. పోలిక పట్టడంలో దేశంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. ఆ పాడేవాడి చెవి చూడండి అన్నాను. అలాంటి చెవి ఒక్కడికే ఉంది అన్నాను. ఎవరికి అన్నాడు. చెప్పాను. మిగతావాళ్ళు కూడా అంత బాగా కుదిరారా అన్నాడు. పెన్ను ఇచ్చాడు. ఎడమ నుంచి కుడికి రాశాను."

"ఆ పాడినాయన?"

"భూగోళం చెప్పే మాస్టరు. ఉద్యోగం తీసేశారు. బాయిలర్ గదిలో బొగ్గు వేశాడు కొన్నాళ్ళు. తర్వాత ఎవరికీ కనబడలేదు." లేచి కుళాయి కట్టేశారు. "వెళ్ళు. ఆ పుస్తకాలన్నీ వెనక్కి తీసుకో."

వెనక్కి తీసుకోవడం ఎక్కడ సాధ్యం? పుస్తకాలు అప్పటికే ఇళ్ళకు చేరిపోయాయి. పీడీఎఫ్ సంఘం వెబ్‌సైట్‌లో ఉంది, లెక్కలేనన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఉంది. ప్రెసిడెంటుగారిని బతిమాలి వెబ్‌సైట్‌లోంచి తీయించాను. మిగిలినదాన్ని ఏం చేయగలను? పద్మకు చెప్పాను, తప్పు చేశానమ్మా అని. నవ్వేసింది. "మీరు మరీ అక్కా. మన సావనీర్ మనమే చదవం, ఇంకెవడు చదువుతాడు?"

అప్పటి నుంచి ప్రతి శనివారం ఆయన నన్ను ఒకటే అడిగేవారు. క్షేమమా అని కాదు, ఎండగా ఉందని కాదు. "ఎవరైనా వచ్చారా?" లేదనేదాన్ని. తల పంకించి కిటికీ వైపు తిరిగేవారు. ఆ ప్రశ్న వినీ వినీ నాకు కాలింగ్ బెల్లు మోగితే ముందు కిటికీలోంచి తొంగి చూడడం అలవాటైంది. ఎవరైనా వస్తే ఏం చెప్పాలో కూడా తయారు చేసుకున్నాను. లాయరుతో మాట్లాడకుండా ఏమీ చెప్పను, అంతే. కారులో ఒక్కదాన్నే వెళ్ళేటప్పుడు ఆ వాక్యం పైకి అనుకునేదాన్ని. ఆయన ఒక చెవి గురించి నోరు జారారు, నేను జారను అని నాకు గట్టి నమ్మకం.

ఎనిమిది నెలల తర్వాత ఒక మంగళవారం పొద్దున, నేను ఇంటి నుంచి పని చేస్తుండగా, వచ్చారు. ఒక నడివయసు ఆవిడ, ఒక కుర్రాడిలాంటి ఆఫీసరు. కార్డులు చూపించారు. ఇమిగ్రేషన్ విషయమై ఒక చిన్న ఎంక్వైరీ అన్నారు. ఆవిడ చాలా మర్యాదస్తురాలు. గుమ్మం పక్కన తులసి మొక్క చూసి ఈ ఎండలో ఎలా బతికించారని మెచ్చుకుంది. లోపలికి వచ్చి కూర్చుని ట్యాబ్లెట్‌లో బొమ్మ చూపించింది, పక్కనే ఇంగ్లీషు అనువాదం. ఎవరో మనవాళ్ళే చేసిన అనువాదం. పూతరేకులంటే ఏమిటో కూడా వివరంగా రాసి ఉంది.

"ఈ పుస్తకానికి ఎడిటర్ మీరేనా?"

"లాయరుతో మాట్లాడకుండా ఏమీ చెప్పను" అన్నాను.

"తప్పకుండా. అది మీ హక్కు" అంది ఆవిడ. ఏమాత్రం నొచ్చుకోలేదు. "నిజానికి ఇది క్లోజ్ చేయడానికే వచ్చాం. ఆర్డర్లు తీసుకునే పద్మ అంటే ఈ కూర్చున్న పెద్దావిడ కదా. ఆవిడ ఇండియా వెళ్ళిపోయినట్టు రికార్డులో ఉంది. ఇక ఇందులో చేసేదేం లేదు." ట్యాబ్లెట్ బ్యాగులో పెట్టుకుంటూ లేచి నిలబడింది.

ఆ ట్యాబ్లెట్ బ్యాగులోకి పోయేలోపు నేను అనువాదం చూశాను. పద్మ అని ఒకచోట, పద్మ అని ఇంకోచోట. గారు లేదు. గారుకి ఇంగ్లీషులో మాట లేక వదిలేశారు. "చేసి ఇచ్చేది" అన్నదాంట్లో ఉన్న చనువు కూడా పోయింది. అంతటి పద్మగారు, బడి నడిపిన మనిషి, పచ్చళ్ళ ఆర్డర్లు పట్టుకునే మనిషిగా ఆ కాగితంలో మిగిలిపోతారా అనిపించింది. ఇంకేమీ అనిపించలేదు. ఆ క్షణంలో పద్మ నా మనసులో లేదు, ఆమె పాప లేదు, ముసలాయన లేడు. తప్పు ఒక్కటే ఉంది.

"నో నో, అది తప్పు. ఆవిడ పద్మగారు. ఆర్డర్లు తీసుకునేది ఈ నిలబడ్డ పద్మ, లెఫ్ట్ నుంచి సెకండ్."

అక్కడితో ఆగలేదు. గారు అంటే ఏమిటో, ఎవరికి పెడతామో, ఎవరికి పెట్టమో, పెట్టకపోవడం అవమానం కాదు ప్రేమ అని, రెండు నిమిషాలు పాఠం చెప్పాను. ఆవిడ మళ్ళీ కూర్చుని శ్రద్ధగా రాసుకుంది. గారు స్పెల్లింగ్ అడిగింది. చెప్పాను. వాళ్ళ కారు వీధి మలుపు తిరిగిన తర్వాత గాని నేను చేసిన పని నాకు అర్థం కాలేదు.

అప్పటికి పెద్దాయన కింద పడి తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నారు. ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. నన్ను చూడగానే అడిగారు, ఎవరైనా వచ్చారా అని. అంతా చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"లేచి నిలబడిందా ఆవిడ, వెళ్ళిపోతున్నట్టు?"

"నిలబడింది."

"ఊఁ" అన్నారు.

"నాచేత చెప్పించడానికి కావాలనే తప్పు చెప్పిందంటారా? లేక నిజంగానే పొరబడిందా?"

"నా ఆఫీసరు గురించి నేను యాభై ఏళ్ళు అదే ఆలోచించాను" అన్నారు. "ఒకరోజు కావాలనే చేశాడనిపిస్తుంది, ఆ రోజు కాస్త తేలిగ్గా ఉంటుంది. ఇంకోరోజు వాడు నిజంగానే పోలిక గుర్తుపట్టలేదనిపిస్తుంది, ఆ రోజు అన్నం సహించదు. ఏదైనా ఒకటే. చెప్పింది మనమే."

ఓదారుస్తారని వెళ్ళాను. ఆయనకు ఓదార్చడం రాదు. కానీ నా చెయ్యి పట్టుకున్నారు, నర్సు వచ్చి భోజనం పళ్ళెం పెట్టేదాకా వదల్లేదు. వెళ్ళేముందు పద్మకు చెప్పేశావా అని అడిగారు. చెప్తాను అన్నాను. "నేను కూడా అలాగే అనుకున్నాను" అన్నారు.

పర్మిట్ లేకుండా పని చేసిందన్న కారణంతో పద్మ వీసా పొడిగింపు ఇవ్వలేదు. లాయరు చేయగలిగిందేమీ లేకపోయింది. భర్త ఇక్కడే ఉండి ఉద్యోగం చూసుకోవాలని, ఆమె పాపను తీసుకుని వెళ్ళాలని నిర్ణయించుకున్నారు. సామాను సర్దడానికి రోజూ వెళ్ళేదాన్ని. ప్రతిరోజూ ఈరోజు చెప్పేయాలి అనుకునేదాన్ని. అట్టపెట్టెలకు టేపు వేస్తూ ఎన్నిసార్లు నోరు తెరిచానో. ఆమె నాకు కాఫీ ఇచ్చి, "అలసిపోయారు, కూర్చోండక్కా" అనేది. ఎయిర్‌పోర్టులో పాప నా మెడ చుట్టూ చేతులు వేసి వదల్లేదు. పద్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఏడ్చింది ఒక కారణానికి కాదు.

ఆఫీసర్లు కాక ఆ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో నేను, ఆ పెద్దాయన. మా ఆయనకు కూడా చెప్పలేదు. మూడు వారాల కిందట లైబ్రరీ నుంచి మెయిల్ వచ్చింది, పెద్దాయన నిద్రలో పోయారని, పిల్లల తల్లిదండ్రులందరికీ పంపిన మెయిల్. చదివాను. నాకు మొట్టమొదట కలిగింది దుఃఖం కాదు. అమ్మయ్య అనిపించింది. ఇక ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. దుఃఖం వచ్చింది, కానీ సాయంత్రానికి వచ్చింది. ఆయన బతికుంటే శనివారం పొద్దున్నే నన్ను చూసి ఏం కనిపెట్టి ఉండేవారో, ఇప్పటి నా చెవులు ఎలా వేసేవారో అని భయపడ్డాను.

నిన్న విజయవాడ నుంచి పద్మ ఫోన్ చేసింది.

"అక్కా, పెన్సిల్ తాతగారు పోయారట గదా. గ్రూప్‌లో ఇప్పుడే చూశా. పాపం, నాచేత పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నారు."

"అవునమ్మా" అన్నాను.

పాప బడి గురించి చెప్పింది, అత్తగారి మోకాళ్ళ గురించి చెప్పింది.

"నాకు ఒకటే మింగుడుపడట్లేదక్కా. లాయరు పంపిన పేపర్స్ మొన్న మళ్ళీ చదివా. అందులో గారు గురించి ఒక పేరా మొత్తం ఉంది. గారు ఎవరికి పెట్టారు, ఎవరికి పెట్టలేదు, పెట్టకపోతే అర్థం ఏంటి అని. ఆ ట్రాన్స్‌లేషన్ చేసినవాళ్ళే నన్ను అంత పట్టిపట్టి చూపించారు. లేకపోతే ఆ ఆఫీసర్లకి ఏం తెలుస్తుంది చెప్పండి? మనవాళ్ళే అక్కా. ఎవరో మీకేమైనా ఐడియా ఉందా?"

ఆమె పొరబడింది. ఆ ట్రాన్స్‌లేషన్‌లో గారు లేదు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"లేదమ్మా, ఎవరో తెలీదు" అన్నాను. ఊహ తెలిసినప్పటి నుంచి నేను తప్పు విని దిద్దకుండా ఊరుకున్నది అదొక్కసారే.